పూడ్చుకున్న బిడ్డల్ని కూడా వరాల్లో లెక్కపెట్టిన వృద్ధుడు: హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి)

వయసు మీద పడేకొద్దీ మనిషి లెక్కల్లో పడిపోతాడు. పోయిన వాళ్ళెందరు, తగ్గిన బలమెంత, పలకరించే వాళ్ళు ఎందరు మిగిలారు, ఎప్పుడూ ఇవే లెక్కలు. మన ఇళ్ళల్లోని పెద్దల్ని చూస్తే ఈ సంగతి తెలుస్తూనే ఉంటుంది. మనం నడుస్తున్నదీ ఆ దారినే. అందుకని ఈ నెల ఒక సహాబీ ముసలితనాన్ని గురించి చెప్పుకుందాం. మహాప్రవక్త (సఅసం) ఇంట సేవ చేసిన బాలుడిగా ఆయన మనందరికీ తెలుసు. మదర్సాలో చదివే పిల్లలు కూడా ఆయన పేరు చెప్పగలరు. కాని ఆ బాలుడు నూరేళ్ళు దాటి జీవించారని, ఆ నూరేళ్ళలో ఎందరినో తన చేతులతో మట్టికి అప్పగించారని, అయినా అల్లాహ్ తనకు చేసిన మేళ్ళు చెప్పుకోవటం మానలేదని మనలో చాలామందికి గుర్తుండదు.

హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) మదీనా అన్సారులలో ఖజ్రజ్ తెగవారు. అందులోనూ బనూ నజ్జార్ వంశం. తండ్రి మాలిక్ ఇస్లాం స్వీకరించలేదు. భార్య ముస్లిం అయిందన్న కోపంతో సిరియా వైపు వెళ్ళిపోయి అక్కడే మరణించాడు. తల్లి ఉమ్మె సులైమ్ (రజి) గొప్ప ధైర్యశాలి. అబూ తల్హా (రజి) పెళ్ళి కబురు పంపితే వెండి బంగారాలు అడగలేదు, ఆయన ఇస్లాం స్వీకరించటమే తన మహర్ అన్నారు. క్రీ.శ. 622లో దైవప్రవక్త (సఅసం) హిజ్రత్ చేసి మదీనాకు వచ్చేటప్పటికి అనస్ (రజి)కి పదేళ్ళు. ఆ తల్లి కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళి, సేవకు ఉంచుకోమని ప్రవక్త (సఅసం)కు అప్పగించారు.

అప్పటినుంచి దాదాపు పదేళ్ళపాటు ఆయన ఆ ఇంట్లోనే తిరిగారు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా విసుగుతో ఒక్క మాట పడలేదని, చేసిన పనికి ఎందుకు చేశావనిగాని, చేయని పనికి ఎందుకు చేయలేదనిగాని నిలదీయటం ఎరగనని ఆయన జీవితమంతా చెప్పుకున్నారు. ఒకసారి ప్రవక్త (సఅసం) ఏదో పనిమీద పంపితే, బజారులో ఆడుకుంటున్న పిల్లల దగ్గర ఆగిపోయారట. అంతలో వెనకనుంచి ఎవరో మెడ పట్టుకున్నారు. తిరిగి చూస్తే ప్రవక్త (సఅసం) నవ్వుతూ నిలబడి ఉన్నారు. ముద్దుపేరుతో పిలిచి, చెప్పిన చోటికి వెళ్ళావా అని అడిగారంతే. ఇంకోసారి సరదాగా రెండు చెవులవాడా అని పిలిచారు. చెవులు రెండు ఎవరికి లేవు! కాని ఆ చిన్న హాస్యాన్ని ఆ పిల్లవాడు ఎన్నేళ్ళయినా మరచిపోలేదు, హదీసుగా మనదాకా చేర్చారు.

ఒక దర్జీ ఇంటి విందు సంగతి కూడా ఇలాంటిదే. ఆ దర్జీ ప్రవక్త (సఅసం)ను భోజనానికి పిలిచాడు. బార్లీ రొట్టె, సొరకాయ ముక్కలు, ఎండు మాంసం వేసిన పులుసు వడ్డించాడు. ప్రవక్త (సఅసం) పళ్ళెం అంచుల్లో సొరకాయ ముక్కల్ని వెతుక్కుని తినటం వెంట వెళ్ళిన అనస్ (రజి) చూశారు. ఆ రోజునుంచి తనకూ సొరకాయ అంటే ఇష్టమైపోయిందని ఆయనే చెప్పారు. మన ఇళ్ళల్లో కద్దూ వండిన రోజున ముఖం చిట్లించే పెద్దమనుషులు ఈ హదీసును ఒకసారి గుర్తుచేసుకోవాలి. నూరేళ్ళు బ్రతికిన ఆ మనిషికి సొరకాయ కూర వడ్డించిన ప్రతి పూటా ఆ దర్జీ ఇంటి పళ్ళెం కళ్ళముందు మెదిలి ఉండాలి.

ఆ ఇంట్లోనే ఆయన మృత్యువును కూడా దగ్గరనుంచి చూశారు. తమ్ముడు అబూ ఉమైర్ చిన్నవాడు, ఒక పిట్టను పెంచుకునేవాడు. పిట్ట చచ్చిపోయి వాడు దిగులుగా ఉంటే ప్రవక్త (సఅసం) ఆ పిట్ట పేరెత్తి, వాడి పేరుతో ప్రాస కలిపి పలకరించి ఊరడించారు. కొన్నాళ్ళకు ఉమ్మె సులైమ్, అబూ తల్హా (రజి) దంపతుల బిడ్డ ఒకడు జబ్బుచేసి మరణించాడు. అతడు ఈ అబూ ఉమైరేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ సమయానికి అబూ తల్హా (రజి) ఇంట లేరు. ఉమ్మె సులైమ్ (రజి) బిడ్డను శుభ్రపరచి, వస్త్రం కప్పి, ఇంట్లోవాళ్ళెవరూ ఈ సంగతి భర్తకు చెప్పవద్దన్నారు. ఆయన వచ్చాక భోజనం పెట్టారు. ఆయన స్థిమితపడ్డాక నెమ్మదిగా అడిగారు, ఎవరైనా తమ వస్తువు ఎరువిచ్చి తిరిగి అడిగితే కాదనే హక్కు మనకుంటుందా అని. ఉండదని ఆయన అన్న తర్వాతే బిడ్డ సంగతి చెప్పారు. మర్నాడు ఈ విషయం విన్న ప్రవక్త (సఅసం) ఆ రాత్రి విషయంలో వారికి శుభం కలగాలని దుఆ చేశారు. ఆ తర్వాత పుట్టిన అబ్దుల్లాహ్‌ను ప్రవక్త (సఅసం) దగ్గరకు ఎత్తుకువెళ్ళింది అనస్ (రజి)యే. ప్రవక్త (సఅసం) ఖర్జూరం నమిలి శిశువు నోటికి రాశారు.

ఇదంతా మనకు చెప్పింది కూడా హజ్రత్ అనస్ (రజి)యే. బిడ్డలు అల్లాహ్ ఎరువిచ్చిన సొత్తు అన్న పాఠం ఆయనకు గ్రంథాల్లో దొరకలేదు. తన ఇంట్లో, తన తల్లి నోట విన్నారు. ఆ పాఠం ఎంతగా అవసరం పడుతుందో అప్పటికి ఆయనకు తెలియదు.

ఇక దుఆ సంగతి. ఒకరోజు ప్రవక్త (సఅసం) ఉమ్మె సులైమ్ (రజి) ఇంటికి వచ్చారు. ఆమె ఖర్జూరాలు, నెయ్యి ముందు పెట్టారు. తాను ఉపవాసంతో ఉన్నానంటూ ఆయన నెయ్యిని తిత్తిలోకి, ఖర్జూరాలను పాత్రలోకి తిరిగి చేర్చమన్నారు. ఇంట్లో ఒక మూలన నఫిల్ నమాజు చేసి, ఆమె కోసం, ఇంటివారి కోసం దుఆ చేశారు. అప్పుడామె, నాకొక ప్రత్యేక మనవి ఉందని చెప్పి, మీ సేవకుడు అనస్ కోసం దుఆ చేయమని కోరారు. ఆయన ఇహపరలోకాల మేలులో దేన్నీ వదలకుండా అడిగారు. అనస్‌కు సంపదను, సంతానాన్ని ఎక్కువగా ఇవ్వమని, అందులో శుభం ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. దీర్ఘాయుష్షు కోసం కూడా దుఆ చేశారని మరో ఉల్లేఖనంలో ఉంది.

హి.శ. 11లో ప్రవక్త (సఅసం) పరమపదించేటప్పటికి అనస్ (రజి) ఇరవై ఏళ్ళ యువకుడు. ఆయన మదీనాకు వచ్చిన రోజున ఊళ్ళో ప్రతి వస్తువూ వెలుగుతో నిండిందని, వెళ్ళిపోయిన రోజున ప్రతిదీ చీకటైపోయిందని చెప్పుకున్నారు. ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్పుకుందాం. హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఆయన్ని జకాత్ వసూలుకు బహ్రైన్ ప్రాంతానికి పంపారు. పర్షియా యుద్ధాల్లో తుస్తర్ కోట ముట్టడిలో పాల్గొన్నారు. ఆయన సోదరుడు బరా బిన్ మాలిక్ (రజి) అక్కడే షహీద్ అయ్యారు. కోట పట్టుబడిన ఉదయం పోరు తీవ్రత వల్ల ఫజ్ర్ నమాజు పొద్దెక్కాకగాని చేయలేకపోయారు. గెలుపు దక్కింది, సొమ్ము దక్కింది. అయినా ఆ నమాజుకు బదులుగా ప్రపంచమంతా ఇచ్చినా తనకు సంతోషం కలగదని అనస్ (రజి) అన్నారు. తర్వాత ఇరాక్‌లోని బస్రాలో స్థిరపడ్డారు. మిగిలిన జీవితమంతా అక్కడే.

బస్రాలో ఆ దుఆ ఫలించింది. ఆయన అన్సారులలో అత్యంత సంపన్నుల్లో ఒకరయ్యారు. అక్కడి తోటలు సాధారణంగా ఏడాదికి ఒకసారి కాస్తే ఆయన తోట రెండుసార్లు కాసేదని, అందులోని ఒక సుగంధపు మొక్కనుంచి కస్తూరి వాసన వచ్చేదని తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ఒక వేసవిలో తోట చూసే మనిషి వచ్చి నేల ఎండిపోతోందని మొరపెట్టుకున్నాడు. అనస్ (రజి) ఎవరి మీదా కసురుకోలేదు. లేచి వుజూ చేసి, ఆరుబయటికి వెళ్ళి రెండు రకాతుల నమాజు చేసి దుఆ చేశారు. మబ్బు కమ్మి వాన కురిసింది. వాన ఎంతవరకు కురిసిందో చూసి రమ్మని మనిషిని పంపితే, ఆయన పొలం హద్దు దాటి పెద్దగా పోలేదని తెలిసింది. దీన్ని చెప్పింది ఆయన ప్రియశిష్యుడు సాబిత్ బునానీ (రహ్మ).

పిల్లలు, మనవలు కలిసి నూరుమందికి పైగా అయ్యారు. ఇక్కడిదాకా వింటే దుఆ అంటే ఇలా ఫలించాలి అనిపిస్తుంది. కాని హజ్రత్ అనస్ (రజి) తన నోటితో ఈ హదీసు చెప్పినప్పుడు చివర ఇంకో మాట కూడా చేర్చారు. సహీహ్ బుఖారీలో ఉన్న మాట అది. హజ్జాజ్ బస్రాకు వచ్చే నాటికి, అంటే హి.శ. 75 నాటికి, తన సంతానంలో నూట ఇరవైమందికి పైగా ఖననం చేయబడ్డారని తన కూతురు ఉమైనా తనకు చెప్పిందన్నారు. అప్పటికి ఆయన వయసు ఎనభై అయిదేళ్ళు. హి.శ. 69లో బస్రాను ఊడ్చేసిన ప్లేగులోనే ఆయన ఇంటినుంచి డెబ్బైకి పైగా జనాజాలు లేచాయని చరిత్రకారులు రాశారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. లెక్క చెప్పింది కూతురు. ఎవరెవరు పోయారో ఇంటి ఆడపడుచుకే గుర్తుంటుంది, మన ఇళ్ళల్లో కూడా అంతే. కాని ఆ తండ్రి ఈ లెక్కను ఎక్కడ చేర్చారో చూడండి. తన సంపద గురించి చెప్పిన వెంటనే, అదే ఊపిరిలో, ఆ దుఆ ఫలించిందనటానికి రుజువుగా చేర్చారు. పోయినవాళ్ళను నష్టం ఖాతాలో రాయలేదు. నూట ఇరవైమందిని పోగొట్టుకోవాలంటే ముందు అంతమందిని అల్లాహ్ ఇచ్చి ఉండాలి కదా! బిడ్డల మరణాలు ఎక్కువైనంత మాత్రాన సంతానం కోసం చేసిన దుఆ ఫలించలేదని కాదని, ఆ ఆపదకు, దానిపై సహనానికి దొరికే పుణ్యం కూడా ఆ దుఆ ఫలమేనని హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) ఈ హదీసును వివరిస్తూ రాశారు. ఇది చదవటానికి తేలిక. ఒక్క బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మాత్రం ఎంత బరువో తెలుసు. అందుకే ఈ మాటను మనం ఎవరికీ ఉపదేశంగా వినిపించనక్కరలేదు. హజ్రత్ అనస్ (రజి) కూడా ఎవరికీ ఉపదేశించలేదు, తన సంగతి తాను చెప్పుకున్నారంతే.

మరి అలాంటి మనిషి రోజులు ఎలా గడిచేవి? మూలన కూర్చుని కుమిలిపోయారా? ఆయన శిష్యుల మాటల్లో మనకు కనిపించే వృద్ధుడు వేరు. సాబిత్ (రహ్మ) ఆయనతో కలిసి నడుస్తుంటే దారిలో పిల్లలు ఎదురయ్యారు. అనస్ (రజి) తానే ముందుగా వాళ్ళకు సలాం చేశారు. ప్రవక్త (సఅసం) అలాగే చేసేవారని చెప్పారు. పిల్లలు మాకు సలాం చేయలేదని అలిగే పెద్దలు మనలో ఉన్నారు. అన్ని చిన్నిచిన్ని సమాధుల్ని చూసిన ఆ కళ్ళు వీధి పిల్లల్ని చూసి పక్కకు తిరగలేదు. ఎవరైనా అత్తరు ఇస్తే ఆయన కాదనేవారు కాదు, ప్రవక్త (సఅసం) కూడా కాదనేవారు కాదని గుర్తుచేసేవారు. నీళ్ళు తాగేటప్పుడు ఆగి ఆగి రెండు మూడు గుక్కల్లో తాగేవారు, అదీ ప్రవక్త (సఅసం) పద్ధతే. సాబిత్ (రహ్మ) వస్తున్నారంటే, చేతికి పరిమళం పూసుకోవటానికి తెమ్మని ఇంట్లో పనిచేసే అమ్మాయిని పురమాయించేవారట. ఎందుకంటే ఆ శిష్యుడు వచ్చాడంటే గురువు చేతిని ముద్దాడనిదే ఊరుకోడు!

ఇంట్లో కొన్ని పాత వస్తువులు ఉండేవి. ప్రవక్త (సఅసం) నీళ్ళు తాగిన చెక్క పాత్ర ఒకటి పగిలితే వెండి తీగతో అతికించి ఉంచారు. దాని ఇనుప వలయం మార్చి వెండిదో బంగారుదో వేయాలని అనుకుంటే, ప్రవక్త (సఅసం) ఉంచినదాన్ని మార్చవద్దని అబూ తల్హా (రజి) వారించారు. ఆయన అలాగే వదిలేశారు. ఒకసారి పాతబడి వెంట్రుకలు రాలిపోయిన తోలు చెప్పులు తెచ్చి చూపించారు. అవి ఎవరివో శిష్యులకు తర్వాతగాని తెలియలేదు. ప్రియ ప్రవక్త (సఅసం)ను కలలో చూడని రాత్రి తనకు అరుదని చెప్పి ఆయన కన్నీరు పెట్టుకునేవారు.

ఖుర్ఆన్ పారాయణం పూర్తయిన రోజున భార్యాబిడ్డల్నందరినీ పిలిచి కూర్చోబెట్టుకుని దుఆ చేసేవారు. బస్రాకు ఆరు మైళ్ళ దూరంలో జావియా అనేచోట ఆయనకు ఇల్లు ఉండేది. పండుగ నమాజుకు ఊరికి వెళ్ళటం కుదరనప్పుడు కొడుకుల్ని, ఇంటివాళ్ళను అక్కడే సమకూర్చి, ఊళ్ళో జరిగినట్టే తక్బీర్లతో నమాజు చేయించేవారు. ముసలివాడిని, నాకు పండుగేమిటి అనుకోలేదు. శిష్యులకు హదీసు చెప్పటం ముగించాక, లేదా ప్రవక్త (సఅసం) ఏ విధంగా అన్నారో ఆ విధంగా అని చేర్చేవారు. మాట పొరబడుతుందేమోనన్న భయం అది. ఆయన ద్వారా 2,286 హదీసులు మనకు అందాయి.

ఆయన నమాజును సాబిత్ (రహ్మ) ప్రత్యేకంగా చెప్పుకున్నారు. రుకూనుంచి లేచి నిలబడితే, రెండు సజ్దాల మధ్య కూర్చుంటే, మరచిపోయారేమో అనిపించేటంత నిదానం. తొందరేమీ లేదు, కాళ్ళు నొప్పులన్న సాకూ లేదు. కాని ఉపవాసాల దగ్గర శరీరం మొరాయించింది. వృద్ధాప్యంలో రమజాన్ ఉపవాసాలు ఉండలేకపోయిన ఒకటి రెండు సంవత్సరాలు రోజుకొక పేదవాడికి రొట్టె, మాంసం పెట్టించారు. ఒక సంవత్సరం పెద్ద పాత్రలో సరీద్ వండించి ముప్ఫైమంది పేదల్ని పిలిచి కడుపునిండా పెట్టారని కూడా ఉంది. చక్కెర జబ్బుతోనో గుండె జబ్బుతోనో రోజాలు వదలవలసివచ్చి, ఇంట్లో అందరూ సహరీకి లేస్తుంటే పక్కమీద కన్నీరు కార్చే పెద్దలు మనకు తెలుసు. అలాంటివారు ఆ ముప్ఫైమంది కూర్చున్న బంతిని తలచుకోవాలి. ప్రవక్త (సఅసం) గుమ్మంలో పెరిగిన మనిషి కూడా ఉపవాసం వదలవలసి వచ్చింది. వదిలిన రోజుల్ని ఆయన అన్నదానంతో నింపుకున్నారు.

కృతజ్ఞత ఉన్న మనిషికి కోపం, దుఃఖం ఉండవని కాదు. హి.శ. 74లో మదీనాలో హజ్జాజ్ ఆయన్ని అవమానించి, బానిసలకు వేసినట్టు మెడకు ముద్ర వేయించాడని తబరీ రాశారు. అప్పటికాయన ఎనభై నాలుగేళ్ళ వృద్ధుడు. తర్వాత బస్రా జనం హజ్జాజ్ దౌర్జన్యాలు చెప్పుకుని ఏడిస్తే, మీ ప్రభువును కలుసుకునేదాకా సహనం వహించండని, రాబోయే కాలాలు ఇంతకంటే కష్టమైనవని ప్రవక్త (సఅసం) నుంచి విన్నానని చెప్పి పంపారు. ఇక దమిష్క్‌లో ఇమామ్ జుహ్రీ (రహ్మ) ఆయన దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన నిజంగానే ఏడుస్తూ కనిపించారు. ఎందుకని అడిగితే, తాను చూసిన ఆ రోజుల్లోని వాటిలో ఈ నమాజు ఒక్కటే మిగిలిందని, దాన్ని కూడా జనం పాడుచేశారని అన్నారు. పాలకులు నమాజు వేళలు దాటిస్తున్న రోజులవి. ఆయన మెడమీది ముద్రకు కాదు, చేజారుతున్న నమాజుకు ఏడ్చారు.

హి.శ. 93, అంటే దాదాపు క్రీ.శ. 712. చాంద్రమాన లెక్కలో ఆయనకు నూట మూడేళ్ళు. బస్రాలో మిగిలిన చిట్టచివరి సహాబీ ఆయనే. మరణం దగ్గరపడ్డాక కొన్ని వీలునామా మాటలు చెప్పారు. తనకు గుస్ల్ ఇవ్వవలసింది ముహమ్మద్ బిన్ సీరీన్ (రహ్మ) అన్నారు. ఆయన ఆ సమయంలో అప్పు కారణంగా చెరసాలలో ఉండటంతో, అనుమతి తీసుకుని వచ్చి గుస్ల్ ఇచ్చి తిరిగి వెళ్ళారని చెబుతారు. ప్రవక్త (సఅసం) చేతికర్ర ఒకటి ఆయన దగ్గర ఉండేది, దాన్ని పక్కన పెట్టి పూడ్చారు. ప్రవక్త (సఅసం) వెంట్రుకను తన నాలుక కింద ఉంచమని సాబిత్ (రహ్మ)కు చెప్పారు.

ఇంకో కోరిక కూడా ఉంది. పిల్లవాడిగా ఉన్న రోజుల్లో ప్రవక్త (సఅసం) వాళ్ళ ఇంట మధ్యాహ్నం నిద్రపోయేవారు. తోలు పరుపు మీద పడిన ఆయన చెమటను, రాలిన వెంట్రుకలను ఉమ్మె సులైమ్ (రజి) ఒక సీసాలోకి తీసి తన సుగంధంలో కలిపి దాచేవారు. తల్లి వెళ్ళిపోయి ఎన్నో దశాబ్దాలయింది. నూట మూడేళ్ళ కొడుకు దగ్గర ఆ సుగంధం ఇంకా ఉంది. తన కఫన్‌కు పూసే పరిమళంలో దాన్ని కలపమని ఆయన చెప్పారు. అలాగే కలిపారు.